పాత రేజరుకు కొత్త బ్లేడు: తరచుగా అడిగే ప్రశ్నలు

పాత రేజరు చేతికొచ్చిన ప్రతివాళ్ళూ దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. ఒకరికి చెప్పిందే మరొకరికి చెప్పి చెప్పి, రాసి పెట్టడమే మేలనిపించింది. ఏ ప్రశ్న నుంచైనా చదువుకోవచ్చు. మంగలి కత్తి సంగతి మాత్రం ఇందులో లేదు. దానికి కావలసింది కొత్త బ్లేడు కాదు, సాన.

## రేజరు ఏ రకమో తేల్చుకోవడం

తాతగారి రేజరు బయటపడింది. దీనికి బ్లేడ్లు ఇంకా దొరుకుతాయా?

చాలావరకు దొరుకుతాయి. కింగ్ క్యాంప్ గిల్లెట్‌కు 1904లో పేటెంటు వచ్చిన పల్చటి రెండంచుల బ్లేడు చిన్న చిన్న మార్పులతో ఈనాటికీ తయారవుతూనే ఉంది. వందేళ్ళ కిందటి రేజరులో నిన్న మొన్న తయారైన బ్లేడు చక్కగా కూర్చుంటుంది. మిగతా పనిముట్లలో ఎన్నింటికి ఆ అదృష్టం ఉంది? జెమ్ తరహా ఒంటి అంచు బ్లేడ్లు, డబ్బీలోంచి నేరుగా రేజరులోకి నెట్టే ఇంజెక్టరు బ్లేడ్లు కూడా తయారీలో ఉన్నాయి. నిజంగా చిక్కొచ్చేది తమకు మాత్రమే సరిపోయే బ్లేడుతో వచ్చిన కొన్నింటితోనే: గిల్లెట్ టెక్‌మాటిక్, రోల్స్ రేజర్, డర్హమ్ డూప్లెక్స్ లాంటివి.

నా దగ్గర ఉన్నది ఏ రకమో ఎలా తెలుస్తుంది?

పిడి మీది పేరు చూడకండి, తల చూడండి. ఒకే కంపెనీ రెండు మూడు రకాలు చేసింది, ఒకే రకాన్ని పది కంపెనీలు చేశాయి.

తల రెండు వైపులా ఒకేలా ఉండి, పిడి తిప్పితే పై మూత ఊడివచ్చినా, పిడి చివర తిప్పితే మూత రెండు తలుపుల్లా తెరుచుకున్నా అది రెండంచుల బ్లేడు రేజరు. తల ఒక వైపే గీసేలా ఉండి, మూత కీలు మీద పైకి లేస్తే అది ఒంటి అంచు రకం. జెమ్, ఎవర్-రెడీ, స్టార్ పేర్లు దాని మీద కనిపిస్తాయి. తల చిన్నగా, సన్నగా ఉండి, ఎక్కడా విడివడకుండా, పక్కన చిన్న సందు మాత్రమే ఉంటే ఇంజెక్టరు రకం. తలే లేకుండా పిడి చివర గాడి మాత్రమే ఉంటే అది కాట్రిడ్జి, అంటే బ్లేడ్లు ముందే బిగించి ఉన్న తల, తగిలించుకునే 1970ల తరం.

మీద గిల్లెట్ అని ఉంది. ఏ సంవత్సరానిదో తెలిస్తే బ్లేడు తేలుతుందా?

సంవత్సరం తెలుసుకోవడం సరదా కోసమే. రెండంచుల గిల్లెట్లలో బ్లేడు ఎంపికకు దానితో పెద్దగా పని లేదు. అయినా తెలుసుకోవాలని ఉంటే తల అడుగు భాగం తిప్పి చూడండి. అమెరికాలో తయారైన గిల్లెట్లలో 1951 నుంచి ఒక అక్షరం, ఒక అంకె కనిపిస్తాయి. అక్షరం సంవత్సరానికి, అంకె మూడు నెలల కాలానికి గుర్తు. ఇంగ్లీషు అక్షరం ‘ఏ’ పక్కన 2 ఉంటే 1955 రెండో త్రైమాసికం అన్నమాట.

పాత బ్లేడు రేజరులోనే ఇరుక్కుపోయి ఉంది. దాన్ని నమూనాగా పట్టుకెళ్ళి కొనవచ్చా?

అది తీసి పట్టుకెళ్ళడంలోనే వేలు తెగుతుంది. తుప్పు పట్టిన బ్లేడు పెళుసుగా ఉండి, పట్టుకున్న చోటే పెళ్ళలుగా విరుగుతుంది. రేజరు తలను గోరువెచ్చటి సబ్బు నీళ్ళలో నాననిచ్చి, మర దగ్గర తుప్పు వదిలించే నూనె ఒక చుక్క వేసి, కాసేపయ్యాక నెమ్మదిగా విప్పండి. బ్లేడును పొట్టి అంచుల దగ్గరే పట్టుకోవాలి. తీశాక కాగితం మీద పెట్టి చుట్టూ పెన్సిలుతో గీయండి. రంధ్రాల ఆకారం కూడా గీయండి. నమూనాగా ఆ బొమ్మ చాలు. రెండంచులది అయితే పొడవు సుమారు 43, వెడల్పు సుమారు 22 మిల్లీమీటర్లు వస్తుంది. ఒంటి అంచుది సుమారు 38 మిల్లీమీటర్ల పొడవుండి, వీపు మీద మడిచిన రేకు ఉంటుంది. ఇంజెక్టరుదీ దాదాపు అంతే పొడవు, వెడల్పు మాత్రం 11 మిల్లీమీటర్లకు అటూ ఇటూ.

## సరిపోయే బ్లేడు

నా రేజరులో మూడు మేకులు పొడుచుకొచ్చి ఉన్నాయి. ఇప్పటి బ్లేడుకేమో మధ్యలో పొడవాటి చీలిక ఉంది. పడుతుందా?

పడుతుంది. తొలి గిల్లెట్ బ్లేడుకు మూడు గుండ్రటి రంధ్రాలు ఉండేవి. మీ మూడు మేకులు వాటి కోసమే. 1930 ప్రాంతంలో ఆ రంధ్రాల చోట చీలిక వచ్చింది. ఆ చీలికను పాత మేకులు కూడా దూరేలా మలిచారు కాబట్టి కొత్త బ్లేడు పాత రేజరులో పడుతుంది. దీనికి తిరగేసినది మాత్రం పనిచేయదు: మూడు రంధ్రాల పాత బ్లేడును చీలిక కోసం చేసిన రేజరులోకి నెట్టకండి.

మందంలోనూ తేడా ఉంది. తొలి బ్లేడు సుమారు 0.15 మిల్లీమీటర్లు, ఇప్పటిది 0.1. పాత రేజరు మూత బ్లేడును వంచి పట్టి ఉంచుతుంది కాబట్టి, పల్చటిదైనా బిగువుగానే నిలుస్తుంది.

జెమ్, ఎవర్-రెడీ రేజర్లకు ఏ బ్లేడు అడగాలి?

‘జెమ్’ బ్లేడు అనే అడగండి. మందం సుమారు 0.23 మిల్లీమీటర్లు. రెండంచుల బ్లేడుకు రెట్టింపు కన్నా ఎక్కువ, వంచినా వంగదు. స్టెయిన్‌లెస్ ఉక్కుతో చేసి, అంచుకు టెఫ్లాన్ తరహా పూత వేసినవి గడ్డానికి శ్రేష్ఠం. వీపు మీది రేకు తీసేయకండి. చాలా జెమ్ రేజర్లలో బ్లేడును వెనక నుంచి ముందుకు నెట్టి సరైన చోట ఆపేది ఆ రేకే. అది లేకపోతే అంచు కాస్త లోపలే ఉండిపోయి, వెంట్రుకను కోయకుండా లాగుతుంది.

బ్లేడు పెట్టాక చూడాల్సింది ఒకటే. అంచు రెండు చివరలూ ముందున్న, బ్లేడును ఆపే రెండు చిన్న ముక్కలకు తగిలి ఉండాలి. ఒక చివరే తగిలితే వెనక సబ్బు మడ్డి పేరుకుందని అర్థం.

రంగు గీకడానికి వాడే బ్లేడు అచ్చం జెమ్ బ్లేడులాగే ఉంది, చవక కూడా. వాడవచ్చా?

వద్దు. పడుతుంది కదా అని నేను ఒకసారి వాడాను. మొదటి గీతకే గడ్డం కింద చర్మం ఎండుటాకుతో రుద్దినట్టు అనిపించింది, సాయంత్రానికి ఎర్రగా పొంగింది. ఆ బ్లేడు ఆకారం ఒకటే గానీ అంచు వేరు. గాజు మీది రంగు గీకడానికి గట్టి అంచు కావాలి, చర్మానికి నునుపైన అంచు కావాలి. గీకే బ్లేడుకు చివరి మెరుగు గానీ, పూత గానీ ఉండవు. మీద నూనె కూడా ఉంటుంది. డబ్బా మీద గడ్డం గీసుకోవడానికి అని స్పష్టంగా ఉంటేనే కొనండి.

షిక్ ఇంజెక్టరు రేజరుకు విడి బ్లేడ్లు కొంటే సరిపోతుందా, డబ్బీతోనే కొనాలా?

డబ్బీతోనే కొనండి. ఈ రేజరు ఊహించినవాడు జేకబ్ షిక్ అనే సైనికాధికారి; తుపాకీలోకి తూటాలు ఎక్కించినట్టు బ్లేడు ఎక్కాలన్నది ఆయన ఆలోచన. 1926లో తొలి రేజరు వచ్చింది, తర్వాత విద్యుత్ రేజరు కూడా ఆయన చేతి మీదే వచ్చింది.

డబ్బీ చివర తాళంచెవి లాంటి రేకు ఉంటుంది. దాన్ని తల పక్కనున్న సందులోకి దూరిస్తే లోపలి పట్టు వదులవుతుంది. డబ్బీ మీది మీటను చివరిదాకా నెట్టండి: కొత్త బ్లేడు లోపలికి వెళ్తూ పాతదాన్ని అవతలి వైపుకు తోసేస్తుంది, అది ‘టక్’మని సింకులో పడుతుంది. మీట సగంలో ఆపితే రెండు బ్లేడ్లూ ఇరుక్కుంటాయి. ఖాళీ అయిన డబ్బీ ఒకటి పారేయకుండా దాచుకోండి. ఎప్పుడైనా విడి బ్లేడ్లు దొరికినప్పుడు ఆ తాళంచెవి అక్కరకొస్తుంది.

1970ల నాటి పిడి దొరికింది, జంట బ్లేడ్ల కాట్రిడ్జి పడుతుందట. ఇప్పుడేం కొనాలి?

గిల్లెట్ ట్రాక్ టూ 1971లో, తల ఊగే ఆట్రా 1977లో వచ్చాయి. పిడి చివర కదలని గాడి ఉంటే ట్రాక్ టూ రకం, స్ప్రింగుతో ఊగే ముక్క ఉంటే ఆట్రా రకం. యూరప్‌లో వీటిని జీ టూ, కాంటూర్ పేర్లతో అమ్మారు. రెండింటికీ సరిపోయే కాట్రిడ్జిలను వేరే తయారీదారులు చేస్తూనే ఉన్నారు. ఒకదానిది మరొకదానికి పట్టదు.

మీట తిప్పితే కొత్త అంచు వచ్చే టెక్‌మాటిక్ సంగతి?

అది 1960ల నడుమ వచ్చిన వింత: బ్లేడు బదులు పొడవాటి ఉక్కు పట్టీ, దాన్ని చుట్టి పెట్టిన గూడు. ఆ గూళ్ళ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. విప్పని పాత సరుకు దొరికితే తప్ప దారి లేదు. అలమరలో పెట్టి చూసుకోండి.

రోల్స్ రేజర్‌కు బ్లేడు దొరకడం లేదు. ఏం చేయాలి?

కొత్త బ్లేడు కోసం వెతకడం మానేసి, ఉన్నదానికి పదును పెట్టించండి. రోల్స్ బ్లేడు మంగలి కత్తిని పొట్టిగా కోసినట్టు మందంగా ఉంటుంది. వారం వాడి పారేసేది కాదు. పెట్టెకు రెండు మూతలు: ఒకదానిలో సానరాయి, మరొకదానిలో తోలు. పిడిని ముందుకూ వెనక్కూ లాగుతుంటే బ్లేడు దానంతటదే ఇటూ అటూ తిరిగి పదునెక్కుతుంది. తోలు ఎండి బీటలు వారినా, రాయి పగిలినా ముందు వాటిని బాగుచేయించాలి. లేకపోతే ఉన్న పదును కూడా పోతుంది. అంచుకు పెచ్చు ఊడి ఉంటే ఈ పెట్టెతో పని జరగదు, కత్తులకు సానబట్టేవారి దగ్గరికి వెళ్ళాల్సిందే.

ఆడవాళ్ళ కోసం చేసిన బుల్లి రేజరు ఉంది. మామూలు బ్లేడు కోసి పెట్టవచ్చా?

పిడి పొట్టిదై తల మామూలుగానే ఉంటే మామూలు రెండంచుల బ్లేడే పడుతుంది. ముందు అది సరిచూడండి. తల కూడా చిన్నదైతే, కనుబొమలూ మీసాలూ దిద్దే చిన్న రేజర్ల కోసం మెర్కూర్ చేసే బుల్లి బ్లేళ్ళను కొలిచి చూడవచ్చు. కత్తెరతో కోయడం మాత్రం వద్దు. పదునెక్కించిన ఉక్కు కోసినచోట నెరియలు వారుతుంది, ముక్కలు కంటికి ఎగురుతాయి.

## కొనేటప్పుడు

ఏ బ్రాండు మంచిది?

ఈ ప్రశ్న అడగని వాళ్ళు లేరు, దీనికి ఒక్క పేరు చెప్పగలిగిన వాళ్ళూ లేరు. గడ్డం ముతకదనం, చర్మం, రేజరు తల వాలు, చేతి బరువు కలిసి తేల్చే విషయమిది. పదునుకు పేరున్నది జపాన్ ఫెదర్. టర్కీ డెర్బీ మెత్తనిదంటారు. ఆస్ట్రా, పెర్సొన్నా, గిల్లెట్ సెవెన్ ఓ క్లాక్ ఆ రెంటికీ మధ్యన. రేజరు తల బ్లేడును ఎక్కువ బయటపెట్టే దూకుడు రకమైతే మెత్తనిదానితో, పొదిగి పెట్టే నెమ్మది రకమైతే పదునైనదానితో మొదలుపెట్టండి. నాలుగైదు రకాలు అయిదేసి చొప్పున తెచ్చుకుని, ఒక్కో రకాన్ని కనీసం రెండు బ్లేళ్ళయినా వాడాకే మార్చండి. ఒక్క రోజు అనుభవంతో తీర్పు చెప్తే అది బ్లేడు మీద కాదు, ఆ రోజు నిద్ర మీద చెప్పినట్టు.

రేజరుతో పాటు విప్పని పాత బ్లేడ్ల ప్యాకెట్టు కూడా వచ్చింది. వాడవచ్చా?

1960లకు ముందువి దాదాపు అన్నీ కార్బన్ ఉక్కువే. మైనపు కాగితం ఎంత బాగున్నా లోపల తేమ చేరి ఉంటుంది. విల్కిన్సన్ స్వోర్డ్ 1960ల తొలినాళ్ళలో పూత వేసిన స్టెయిన్‌లెస్ బ్లేడుతో అందరినీ పరుగులు పెట్టించింది, గిల్లెట్ 1963లో అందుకుంది. ఆ తర్వాతి స్టెయిన్‌లెస్ ప్యాకెట్టు పొడిగా నిలవ ఉంటే పనికిరావచ్చు. ఒకటి తీసి వెలుతురుకు ఏటవాలుగా పట్టుకోండి. అంచు వెంట నల్లటి చుక్కో, గోధుమరంగు మచ్చో ఒక్కటి కనబడినా పక్కన పెట్టండి. కార్బన్ ప్యాకెట్టు అయితే విప్పకుండా ఉంచండి. సేకరించేవాళ్ళకు దాని విలువ తెలుసు.

కార్బన్ ఉక్కు బ్లేడ్లు ఇప్పుడూ అమ్ముతున్నారు. తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, మొదటి రోజు పదును బాగుంటుంది. తడిగా వదిలేస్తే మర్నాటికి తుప్పు. వాడిన వెంటనే తీసి, స్పిరిటులో ముంచి ఆరబెట్టే ఓపిక ఉన్నవాళ్ళకే అది. మిగతావాళ్ళకు స్టెయిన్‌లెస్.

నచ్చిన బ్లేడు వందల లెక్కన కొని పెట్టుకోవచ్చా?

కనీసం నెలరోజులు వాడి, నచ్చిందని తేలాక కొనండి. పొడి చోట పెడితే స్టెయిన్‌లెస్ బ్లేడ్లు ఏళ్ళ తరబడి ఉంటాయి. స్నానాల గదిలో మాత్రం నిలవ చేయకండి.

కొన్న బ్లేడ్లు నకిలీవేమో అని అనుమానం. ఎలా చూడాలి?

నమ్మకమైన ప్యాకెట్టుతో పక్కపక్కన పెట్టి చూడండి. అచ్చు మసకగా ఉండటం, అక్షర దోషాలు, కాగితం మడతలు వంకరగా ఉండటం తొలి ఆనవాళ్ళు. తర్వాత బ్లేడు మీది ముద్ర చూడండి. ఒకే ప్యాకెట్టులో ఒకటి వెన్నలా, మరొకటి రంపంలా నడిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

## బిగించడం, మొదటిసారి గీయడం

బిగిస్తే బ్లేడు ఒక పక్క ఎక్కువ, మరో పక్క తక్కువ బయటికొస్తోంది. బ్లేడు తప్పా, రేజరు తప్పా?

ఎక్కువసార్లు రెండూ కాదు, బిగించిన తీరు. మూడు ముక్కల పాత రేజర్లలో మేకులకూ రంధ్రాలకూ మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉంటుంది, బ్లేడు ఆ ఖాళీలో పక్కకు జరుగుతుంది. మూతను బోర్లా అరచేతిలో పెట్టి, దాని మీద బ్లేడు, ఆపైన అడుగు పళ్ళెం పెట్టండి. పిడిని ఆగేదాకా కాకుండా ఇంకో అర చుట్టు మిగిలేలా తిప్పండి. ఇప్పుడు మూతనూ పళ్ళాన్నీ పొట్టి పక్కల నుంచి రెండు వేళ్ళతో అదిమి పట్టుకుని మిగతా అర చుట్టు బిగించండి. పిడి మీ వైపు, తల దీపం వైపు ఉండేలా పట్టుకుంటే మూత కింద బ్లేడు సన్నటి వెండి గీతలా మెరుస్తుంది. రెండు పక్కలా ఆ గీత ఒకే మందంలో ఉందా లేదా అన్నదే పరీక్ష.

ఎన్నిసార్లు బిగించినా అదే పక్కకు పోతుంటే బ్లేడును తిరగేసి చూడండి. వంకర కూడా పక్క మారితే తప్పు బ్లేడుది, మారకపోతే పళ్ళెం వంగింది.

గట్టిగా బిగిస్తే మంచిదేనా?

కాదు. తొలి గిల్లెట్ల పిడి లోపల బోలుగా ఉంటుంది. అతిగా బిగించడం వల్ల మెడ దగ్గర నిలువునా చీలిన పిడులు చాలా చూశాను. వేళ్ళ బలంతో ఆగేదాకా చాలు.

దువ్వెన పళ్ళలాంటి అడుగు పళ్ళెం. ఏ బ్లేడు వేసినా ఒకేచోట గాటు పడుతోంది. ఎందుకు?

ఏదో ఒక పన్ను వంగి ఉంటుంది. బ్లేడు తీసేసి, పళ్ళాన్ని అద్దం మీద బోర్లించి కంటి మట్టానికి ఎత్తి చూడండి. వరస తప్పిన పన్ను తెలిసిపోతుంది. స్వల్పమైతే కొయ్య ముక్కతో మెల్లగా నొక్కి సరిచేయవచ్చు. పాత ఇత్తడి ఒకసారి వంగి మళ్ళీ వంచితే విరిగే ప్రమాదం ఉంది, కాబట్టి ఒకే ప్రయత్నం.

1 నుంచి 9 దాకా అంకెలున్న రేజరు. ఎంతలో పెట్టాలి?

1958లో వచ్చిన గిల్లెట్ సర్దుబాటు రేజరు, దాని తర్వాతి సన్న రకం ఇలా ఉంటాయి. అంకె పెరిగేకొద్దీ బ్లేడు ముందు సందు పెరుగుతుంది. కొత్త బ్లేడుతో 3 దగ్గర మొదలుపెట్టి, గడ్డం మిగిలిపోతుంటే ఒక్కో అంకె పెంచండి. అంకె మార్చే ముందు పిడి చివరి మరను కాస్త వదులు చేయండి, లోపలి భాగాల మీద భారం పడదు.

తలుపుల్లా తెరుచుకునే రేజరు సరిగా మూసుకోవడం లేదు. బ్లేడు మందం ఎక్కువా?

బ్లేడు కాదు, సబ్బు. దశాబ్దాల సబ్బు సున్నపు రాయిలా గట్టిపడి ఉంటుంది. బ్లేడు తీసి, గోరువెచ్చటి నీళ్ళలో పాత్రలు తోమే ద్రవం కలిపి అరగంట నానబెట్టి, మెత్తటి పళ్ళ బ్రష్షుతో కీళ్ళ సందుల్లో రుద్దండి. తెల్లటి గట్టి పొర మిగిలితే కొద్దిసేపు పల్చటి వెనిగర్, వెంటనే మంచినీళ్ళు. ఆరాక కీళ్ళలో మినరల్ ఆయిల్ ఒక చుక్క.

ఇంకొకరు వాడిన రేజరు. కొత్త బ్లేడు వేసే ముందు మరిగించాలా?

మరిగించకండి. బంగారు పూత పోతుంది, పాతకాలపు ప్లాస్టిక్ పిడి వంకర తిరుగుతుంది. క్లోరిన్ బ్లీచు నికెల్ పూతను తింటుంది. సబ్బు నీళ్ళతో మురికి పూర్తిగా పోయేలా కడిగి, లోహపు భాగాలను 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో పది నిమిషాలు ఉంచితే చాలు. మురికి ఉండగా ఆల్కహాల్ పోయడం వల్ల ఫలితం లేదు.

బ్లేడు సరిపోయింది, అయినా కోసుకుంటున్నాను. ఏం మార్చాలి?

చెయ్యి మార్చాలి. కాట్రిడ్జి రేజరు అలవాటున్నవాళ్ళు అదిమి గీస్తారు. పాత రేజరుకు దాని బరువే చాలు. రెండంచుల రకంలో బ్లేడు చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఉండాలి. జెమ్ రకంలో తల పైభాగాన్ని దాదాపు చెంపకు ఆనించి లాగాలి. మొదటి వారం వెంట్రుక మొలిచిన దిశలోనే గీయండి.

## వాడాక

ఒక బ్లేడు ఎన్ని గడ్డాలకు వస్తుంది?

రెండంచులది సాధారణంగా మూడు నుంచి ఏడు. జెమ్, ఇంజెక్టరు బ్లేడ్లు మందం కాబట్టి కొందరికి ఇంకా ఎక్కువ వస్తాయి. లెక్క పెట్టుకోవద్దు, పై పెదవి మీద వెంట్రుక లాగినట్టు అనిపించిన రోజు మార్చేయండి.

గీసుకున్నాక బ్లేడును తువ్వాలుతో తుడవాలా?

వద్దు. అంచు దెబ్బతింటుంది, తువ్వాలు చిరుగుతుంది, వేలూ తెగవచ్చు. ధారగా పడే నీళ్ళలో కడిగి, విదిలించి, గాలి తగిలేచోట నిలబెట్టండి.

వాడేసిన బ్లేడ్లను ఎలా పారేయాలి?

చెత్తబుట్టలో విడిగా వేయకండి, చెత్త తీసేవారి చేతులు తెగుతాయి. పూర్తిగా మూసి ఉన్న రేకు డబ్బాకు పైన సన్నటి చీలిక కోసి అందులో వేస్తూ ఉండండి. నిండాక చీలికను సుత్తితో కొట్టి మూసి, మీ ఊళ్ళో పదునైన లోహ వ్యర్థాలకు ఉన్న పద్ధతి ప్రకారం ఇవ్వండి. ఒక డబ్బా నిండటానికి ఏళ్ళు పడుతుంది. నాది ఇంకా నిండలేదు.